ఫ్యానులో ఉప్పు

హాస్టల్ వంటగదుల్లో కొత్తగా కుదిరిన ఆడపిల్లలు నన్ను అడుగుతుంటారు, ఆంటీ, మీ నౌకరీలో అన్నిటికంటే కష్టమైన పని ఏది అని. పెద్ద డేగిశాలో అన్నం వార్చడమనో, చలికాలం తెల్లవారుజామున ఇడ్లీలు దించడమనో చెబుతానని వాళ్ల ఊహ. అవన్నీ చేతులకి అలవాటైపోయే పనులమ్మా. నన్ను నిజంగా ఏడిపించింది ఒక ఎగ్జాస్ట్ ఫ్యాను. గోడ పైన కంతలో తిరిగే ముష్టి ఫ్యాను. దాని రిపేరు ఖర్చు దగ్గర మా వంటగదికి తాళం పడబోయింది. నేను అక్షరాలు దిద్దింది నలభై దాటాక. వాక్యం ఎక్కడన్నా వంకరపోతే సర్దుకుని చదువుకోండి.

అప్పటికి ఢిల్లీ పక్కన ఇందిరాపురం అంటే సగం ఫ్లాట్లు, సగం ఇటుకల గుట్టలు. మెట్రో ఊసే లేదు. ఒక ప్రైవేటు ఆసుపత్రివాళ్లు నర్సుల కోసం మూడంతస్తుల ఇల్లు అద్దెకి తీసుకుని హాస్టల్ నడిపేవాళ్లు. పిల్లలు చాలామంది మన కోస్తా వాళ్లే. గుంటూరు, బాపట్ల, ఏలూరు, అలా ఒక చర్చిలో పిల్ల ఇంకో పిల్లని పిలుచుకుని వచ్చినవాళ్లు. కింద వంటగది, దానికి ఆనుకుని భోజనాల హాలు. నేను హెడ్ కుక్కుని. నా కింద ఇద్దరు ఆడవాళ్లు, ఒకామెది బీహారు, ఒకామెది బెంగాలు. మాట కలవకపోయినా మాకు ఒకటి కలిసింది. ముగ్గురిలో ఎవరికీ ఇంట్లో సంపాదించే మగదిక్కు లేదు. ఆ పొయ్యి ఆరితే మా ఇళ్లలో మూడు పొయ్యిలు ఆరతాయి.

మా పైన వార్డెన్ మేడం. రిటైరైన స్టాఫ్ నర్సు, బాపట్ల వైపు ఆవిడ. వంటగదికి సరిగ్గా పైన, మొదటి అంతస్తులో ఆవిడ గది. కడక్ మనిషి. కిటికీకి ఏదీ వేలాడదీయకూడదని రూలు పెట్టింది. సాక్సులు ఆరేసినా ఫైను కట్టాల్సిందే. దానికి తోడు ఆవిడకి బీపీ. డాక్టరు ఉప్పు మానేయమన్నాడని ఊరందరి ఉప్పు మీదా కక్ష కట్టింది. రోజూ వంటగదిలోకి వచ్చి పప్పుచారు అరచేతిలో పోయించుకుని నాలిక్కి రాసుకునేది.

“ఎంత కుమ్మరించావే ఉప్పు? పిల్లల్ని చంపుతావా?”

“బీపీ మీకండీ, వాళ్లకి కాదు. చప్పిడి చారు పోస్తే వాళ్లే నన్ను చంపుతారు.”

“నోరు చూడు, నోరు.”

అలా ఉండేది మా సంబరం. కానీ నాకు అక్షరం పెట్టింది కూడా ఆవిడే. జీతం రోజున నేను ఇంకు రాసుకుని వేలిముద్ర వేస్తుంటే చూసి, “నీ బొటనవేలు చూస్తే నాకు ఒళ్లు మండుతోంది, రేపటి నుంచి కూర్చో” అంది. మధ్యాహ్నం గిన్నెలు కడగడం అయ్యాక భోజనాల బల్ల మీద పలక పెట్టుకుని కూర్చునేవాళ్లం. మాట వినకపోతే ఈ వయసులో కూడా మొట్టికాయలు. వంటగదిలో డబ్బాలన్నిటికీ ఆవిడ పేర్లు రాసి అంటించింది. వాటిలో నేను ఎవరి సాయమూ లేకుండా చదివిన మొదటి మాట ‘ఉప్పు’. ఆ రోజు ఆవిడ పలక పక్కన పెట్టేసింది. పైకి వెళ్లి తన బిస్కెట్ల డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది.

ఇక ఫ్యాను సంగతి. మన తాలింపు ఎలాంటిదో మీకు తెలుసు. ఎండుమిరపకాయ నూనెలో పడితే ఆ ఘాటు బయటికి పోవాలి. పోకపోతే మెట్లెక్కి పైకి పాకుతుంది. పైన రాత్రి డ్యూటీ చేసొచ్చి పడుకున్న పిల్లలు దగ్గుతూ లేస్తారు. పక్క బిల్డింగు పంజాబీ ఆంటీ గేటు దగ్గరికొచ్చి “అరే, మార్ డాలోగే క్యా?” అని, చంపేస్తారా ఏమిటని అరుస్తుంది. మా ఫ్యాను వెనక సందులోకి తెరుచుకునేది. రెండు బిల్డింగుల మధ్య ఇరుకు సందు, మురుగు పైపులు, పిల్లులు. మనిషి అడుగుపెట్టే చోటు కాదు.

ఆ చలికాలం మొదట్లో ఫ్యాను ఆగింది. మార్కెట్‌లో మోటార్లకి తీగ చుట్టే వైండింగ్ షాపు ఉన్న భయ్యా వచ్చి విప్పుకుని పోయాడు. కాయిల్ కాలిందని, ఇరుసు తిరిగే బుష్ పట్టేసిందని బాగుచేసి తెచ్చి బిగించాడు. ఆసుపత్రివాళ్లు అద్దె, మా జీతాలు ఇచ్చేవాళ్లు. మిగతావన్నీ పిల్లలు కట్టే మెస్సు డబ్బుల్లోంచే నడవాలి. కాబట్టి మా మెస్సులో ఏ ఖర్చయినా రూపాయల్లో చెప్పుకునేవాళ్లం కాదు, కోడికూరలో చెప్పుకునేవాళ్లం. ఫ్యాను రిపేరంటే ఒక ఆదివారం కోడికూర పోయినట్టు.

సరే, పోయింది. కొన్నాళ్లకే ఫ్యాను మళ్లీ ఆగింది. ఇంకో ఆదివారం పోయింది. కోడి బదులు సోయా ముక్కలు వండి పెట్టాను. గుంటూరు పిల్ల ఒకతి, నోరున్న పిల్ల, ముక్క చేత్తో పైకెత్తి అందరికీ చూపించి అడిగింది.

“ఆంటీ, ఈ కోడి గుడ్లు పెడతదా?”

“తిను. పెడితే నీకే ఇస్తా.”

హాలంతా నవ్వు. నాకు లోపల మండిపోయింది. వారమంతా రోగుల మలమూత్రాలు ఎత్తి వచ్చే పిల్లలు. వాళ్లకి ఆదివారం ఆ ముద్ద ఒక్కటే ఇల్లు.

రెండోసారి ఫ్యాను తెచ్చినప్పుడు భయ్యా దాన్ని బల్ల మీద పెట్టి, ఇరుసు చుట్టూ తెల్లగా అట్టకట్టిన పొడి గోటితో గీకి చూపించాడు. అప్పుడు మేడం కూడా పక్కనే ఉంది.

“దీదీ, ఇస్ మే నమక్ కహాఁ సే ఆతా హై?”

ఫ్యానులోకి ఉప్పు ఎక్కడి నుంచి వస్తోందని నన్ను అడుగుతున్నాడు! నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

“నమకా? ఢిల్లీలో సముద్రం ఎక్కడుంది భయ్యా? మా ఊళ్లో సముద్రం పక్కన తిరిగే ఫ్యాన్లకే ఇంత తుప్పు పట్టదు. బిల్లు పెంచడానికి ఇదొక కథా?” తెలుగు సగం, హిందీ సగం కలిపి సందు చివరిదాకా వినపడేలా అడిగాను.

ఆయన మొహం ఎర్రబడింది. “మై చోర్ నహీఁ హూఁ, దీదీ” అని సామాను సంచి ఎత్తుకుని వెళ్లిపోయాడు. దొంగని కానని చెప్పి వెళ్లాడన్నమాట. అలా తిట్టినందుకు ఈ రోజుకీ నాకు బాధ లేదు. ఒకే ఫ్యాను పదే పదే పాడవుతుంటే బాగుచేసేవాణ్ణి అడగక ఎవర్ని అడుగుతాం? మీరూ అడగండి. కాకపోతే అడిగాక వాడు చెప్పేది కూడా వినండి.

డిసెంబరులో మూడోసారి ఆగింది. ఈసారి పంజాబీ ఆంటీ గేటు దగ్గర ఆగలేదు, ఆసుపత్రికే ఫోను కొట్టింది. ఆఫీసు సారు మేడంకి ఫోను చేసి మెస్సు గొడవ ఇక మాకొద్దన్నాడు. నోయిడాలో ఒక కాంట్రాక్టరు ఉన్నాడు, రెండు పూటలా డబ్బాలు పంపిస్తాడు, శనివారం వచ్చి చూసి తేల్చేస్తానన్నాడు. తేల్చేయడమంటే ఏమిటో మాకు తెలుసు. మేడం కిందికి వచ్చి స్టూలు మీద కూలబడింది.

“కనీసం క్రిస్మస్ దాకా ఆగమన్నానే. వినడు. డబ్బాల్లో రాజ్మా, రొట్టె వస్తాయంట.”

“మేం ముగ్గురం ఏమవుతాం?”

ఆవిడ నా మొహంలోకి చూడలేదు. “ప్రార్థన చేద్దాం” అంది.

చేశాం. ఆ తర్వాత నేను వైండింగ్ షాపుకి నడిచి వెళ్లాను. భయ్యా చాయ్ తాగుతూ మొహం పక్కకి తిప్పుకున్నాడు. శనివారం లోపల ఫ్యాను తిరగకపోతే మా ముగ్గురి పని పోతుందని చెప్పాను. ఆయన చాయ్ గ్లాసు కింద పెట్టి పానా తీసుకుని నాతో వచ్చాడు. డబ్బులు సార్ వచ్చాక చూసుకుందామన్నాడు. శుక్రవారం సాయంత్రానికి ఫ్యాను బిగించాడు, గుండ్రంగా తిరిగింది.

శనివారం పొద్దున పప్పుకి తాలింపు వేశాను. ఫ్యాను తిరుగుతూనే ఉంది, ఘాటు మాత్రం కదల్లేదు. కళ్లల్లో నీళ్లు. బెంగాలీ ఆమె కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని బయటికి పరిగెత్తింది. పొద్దున్నే ఆ భయ్యాని ఇంకోసారి తిడదామని నోరు సిద్ధం చేసుకున్నాను కూడా. అంతలో ఒక ఆలోచన వచ్చింది. ఇన్నాళ్లూ ఈ ఫ్యానుని లోపల నుంచే చూశాం, బయట నుంచి ఒక్కరం చూడలేదు. చీర ఎగ్గట్టి, పిల్లుల్ని అదిలించుకుంటూ సందులోకి దూరాను.

పొగమంచులో ముందు ఏమీ కనపడలేదు. దగ్గరికి వెళితే ఫ్యాను కంతకి అడ్డంగా అంటుకుని ఒక పెద్ద సంచి వేలాడుతోంది. ఆసుపత్రిలో కట్లకి వాడే గాజుగుడ్డతో కుట్టిన సంచి. నిండా చల్లమిరపకాయలు. గాటు పెట్టి, ఉప్పు కలిపిన మజ్జిగలో ఊరేసిన మన మిరపకాయలు. గాలి నేరుగా తగలడానికి ఫ్యాను రేకు తలుపులు కూడా పైకెత్తి దారంతో కట్టేశారు. సంచి నుంచి ఉప్పు మజ్జిగ బొట్టు బొట్టుగా ఫ్యాను ఇరుసు మీదకి కారుతోంది. సంచికి కట్టిన తాడు పట్టుకుని తల పైకెత్తాను. తాడు నేరుగా మొదటి అంతస్తులో వార్డెన్ మేడం కిటికీ ఊచకి పోయింది.

నాకు నవ్వొచ్చింది, ఆ వెనకాలే ఒళ్లు మండింది. ఎలా జరిగిందో క్షణంలో అర్థమైంది. చల్లమిరపకాయ రాత్రి మజ్జిగలో ఊరాలి, పగలు ఎండలో ఎండాలి, అలా కొన్నాళ్లు తిరగాలి. ఢిల్లీ చలికాలంలో ఎండ ఎక్కడిది? డాబా మీద పెడితే కోతులు బతకనివ్వవు. కింద నా పొయ్యిల వేడి గాలి మాత్రం రోజంతా ఆ కంతలోంచి ఊరికే పోతోంది. ఫ్యాను విప్పినప్పుడల్లా తాడు పైకి లాక్కుంటే సరి, ఎవరి కంటా పడదు. ఆవిడ బుర్ర పనిచేసిందని ఒప్పుకోవాలి. మన ఆడవాళ్లకి తప్ప ఇంకెవరికీ రాని ఆలోచన అది.

సంచి కోసుకుని, పప్పు బీహారు ఆమెకి అప్పజెప్పి మెట్లెక్కాను. మేడం బైబిలు చదువుకుంటోంది. సంచి ఆవిడ బల్ల మీద పెట్టాను. మజ్జిగ చుక్కలు బల్ల మీద పడ్డాయి.

“ఇవి ఎవరివి మేడంగారూ?”

“నాకేం తెలుసు? పిల్లలెవరో…”

“తాడు మీ కిటికీకుంది.”

ఆవిడ కళ్లజోడు తీసింది, మళ్లీ పెట్టుకుంది. “మా అక్క ప్రతి ఏడూ జీటీ ఎక్స్‌ప్రెస్‌లో ఎవరో ఒకరి చేత పంపేది. పోయినేడు అక్క పోయింది. పెరుగన్నంలో అది లేకపోతే నాకు ముద్ద దిగదే. బీపీ మనిషిని, ఉప్పు తినొద్దని ఇంతమందికి చెప్పేదాన్ని. నీ దగ్గరికొచ్చి ఎండబెట్టమని ఏ మొహంతో అడగను?”

“ఫ్యానులో ఉప్పు ఉందని ఆ భయ్యా అన్నప్పుడు మీరు నా పక్కనే ఉన్నారు.”

“ఉన్నాను.”

“మరి?”

“విన్నాను. విననట్టే నాకు నేను సర్దిచెప్పుకున్నాను.”

అప్పుడు నాకు జాలి వేసిన మాట నిజం. అక్షరాలు నేర్పిన మనిషి. ఆ సంచి నా కొంగు కింద దాచుకుని కిందికి దిగిపోవచ్చు. ఫ్యాను పాతదని, కొత్తది కొనమని సార్‌కి చెప్పొచ్చు. కానీ కొత్తది కొనే లోపల మెస్సు ఉండదు. కింద ఇద్దరు ఆడవాళ్లు ఏమీ తెలియకుండా పప్పు కలుపుతున్నారు.

“మధ్యాహ్నం భోజనాల వేళకి ఆ సారు వస్తాడు. మీరు చెప్పండి. మీరు చెప్పకపోతే నేను చెబుతాను. మీ వెనకాల చెప్పను, మీ ముందే చెబుతాను.”

“పిల్లల ముందా?”

“ఫైను వేసింది కూడా వాళ్ల ముందే కదండీ.”

ఆవిడ బైబిలు మూసింది. నేను కిందికి దిగి, మళ్లీ సందులోకి దూరి రేకు తలుపులకి కట్టిన దారం కోసేశాను. రెండో తాలింపుకి ఘాటంతా బయటికి పోయింది.

మధ్యాహ్నం సారు వచ్చాడు. ఆయనది మీరట్ వైపు. వంటగది చూశాడు, గోడ మీద జిడ్డు చూశాడు, ఫ్యాను చూశాడు. తిరుగుతోంది కదా అంటే, “ఆజ్ ఘూమ్ రహా హై” అన్నాడు. ఇవాళ తిరుగుతోంది, రేపటి మాటేమిటని. రిపేరు డబ్బుల కోసం వైండింగ్ భయ్యా కూడా వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. పిల్లలు కంచాల ముందు కూర్చున్నారు. మా హాస్టల్లో ప్రార్థన కాకుండా ముద్ద ముట్టరు. మేడం లేచి కళ్లు మూసుకుంది. సారు కూడా మర్యాదకి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“ప్రేమగల తండ్రీ” అని మొదలుపెట్టింది. ఆహారం ఇచ్చినందుకు స్తోత్రం చెప్పింది. వండిన చేతులని దీవించమంది. తర్వాత ఆగింది. ఎంతసేపు ఆగిందంటే, పిల్లలు ఒక కన్ను తెరిచి చూడటం మొదలుపెట్టారు.

“తండ్రీ, ఆ ఫ్యానుని పాడుచేసింది నేనే. నా నాలుక రుచికి మిరపకాయలు దాని ముందు కట్టాను. ఈ పిల్లల కోడికూర నా వల్లే పోయింది. వంటవాళ్ల పని నా వల్లే పోయేట్టుంది. నన్ను క్షమించు. ఆమెన్.”

తెలుగు పిల్లలందరి కళ్లూ తెరుచుకున్నాయి. సార్‌కి ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆమెన్ అని ఆయనా అనేసి, కుర్చీ లాక్కుని కాంట్రాక్టరు కాగితాలు బయటికి తీశాడు. మేడం పని అయిపోయినట్టు కూర్చోబోయింది.

నేను గరిటె పట్టుకునే ముందుకి వచ్చాను. “మేడంగారూ, దేవుడికి తెలుగు వచ్చు. ఈ సార్‌కి రాదు. హిందీలో చెప్పండి.”

ఆవిడ నన్ను చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు. కొట్టేదే, చేతికి అందితే. తర్వాత బల్ల మీద చేతులు ఆనించి లేచి నిలబడింది. హిందీ సగం, ఇంగ్లీషు సగం, అన్నీ చెప్పింది. కిటికీ, తాడు, మజ్జిగ, ఉప్పు, దేన్నీ దాచలేదు. మూడు రిపేర్ల ఖర్చూ తన జీతంలోంచి పట్టుకోమంది.

“మిర్చీ?” అన్నాడు సారు. ఆయనకి కోపం రావాలో నవ్వు రావాలో తెలియలేదు. చివరికి గుమ్మం వైపు తిరిగి భయ్యాని అడిగాడు, దీని ముందు ఏదీ కట్టకపోతే ఎన్నాళ్లు నడుస్తుందని.

“సాలోఁ చలేగా, సర్.”

ఏళ్ల తరబడి నడుస్తుందన్న ఆ మాట మా ముగ్గురి జీతం. సారు కాగితాలు మడిచాడు. “ఠీక్ హై. పైసా మేడం ఇస్తారు. మెస్ చలేగా. మళ్లీ ఫ్యాను పేరుతో నాకు ఫోను రాకూడదు.” కంచం కూడా ముట్టకుండా వెళ్లిపోయాడు. నేనేమీ నొచ్చుకోలేదు. నాకు ఆయన మెప్పు అక్కర్లేదు, పొయ్యి వెలిగితే చాలు.

కారు కదిలిన చప్పుడు వినగానే గుంటూరు పిల్ల లేచింది. “మేడం, సాక్సులకి వేసిన ఫైనే మిరపకాయలకి కూడానా, లేక వేరే రేటుందా?”

పిల్లలు కంచాల్లోంచి తలెత్తారు. మేడం పర్సు తెరిచి సాక్సుల ఫైను తీసి బల్ల మీద పెట్టింది. “అదే రేటు. కూర్చుని తిను.” అప్పుడు నవ్వారు పిల్లలు. ఆవిడ కూడా నవ్వింది, కాస్త ఆలస్యంగా.

గుమ్మంలో భయ్యా నా కోసం ఆగి ఉన్నాడు. “అబ్ బోలో దీదీ. నమక్ థా కి నహీఁ?” ఉప్పు ఉందా లేదా ఇప్పుడు చెప్పమని.

“థా భయ్యా, నమక్ థా. కానీ బుష్ రేటు మాత్రం నువ్వు ఎక్కువే వేశావు.”

నెత్తి కొట్టుకుని, నవ్వుకుంటూ ఆ మూడో బిల్లులో కొంచెం తగ్గించాడు. ఆయనకి అన్నం పెట్టి పంపాను.

క్రిస్మస్‌కి మేడం కట్టిన డబ్బుతో పోయిన ఆదివారాలు రెండూ కలిపి ఒకేసారి బిర్యానీ దించాను. ఆ సంచిలో మిరపకాయలు పారేయలేదు. మరిగే నీళ్ల డ్రమ్ము మూత మీద జల్లెడ పెట్టి వాటిని ఎండబెట్టాను, ఉప్పు ఇంక తగలనివ్వకుండా. పండగ రోజు మేడం పెరుగన్నం మీద ఒక్కటి వేయించి పెట్టాను. ఆవిడ దాన్ని కొరికి కళ్లు మూసుకుంది. రెండోది అడిగింది. ఇవ్వలేదు.

పండగ మర్నాడు నేను ఒక అట్టముక్క తీసుకుని, స్కెచ్ పెన్నుతో, పలక లేకుండా, ఎవర్నీ అడక్కుండా రాశాను. నా చేత్తో నలుగురు చదవడానికి రాసిన మొదటి రాత అది. మేడం వెనక నిలబడి కళ్లజోడు సర్దుకుని చదివింది.

‘ఈ ఫ్యాను ముందు ఎవరూ ఏమీ కట్టకూడదు. వార్డెన్ మేడం కూడా.’

“ఆ రెండో ముక్క అవసరమా?” అంది.

“అవసరమే.”

ఆవిడ స్టూలు గోడ దగ్గరికి లాగింది. స్టూలు ఊగకుండా రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. నేను ఎక్కి అంటించాను.